పాప ఏ తరగతి?

యాదన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలిసీ, కోపం ఆపుకోలేక రాస్తున్నాను.

పాప కస్టడీ కేసులో మన రూములో కూర్చోబెట్టి నువ్వు రాయించిన పదకొండు ప్రశ్నలకు మా అత్తగారివాళ్లు ఇంతవరకూ జవాబివ్వలేదు. ఇవాళ ఇక్కడ సౌదీలో, యాన్బు ప్లాంటు బయట, కంపెనీ బస్సులో కూర్చుని, ఫోన్‌లోనే మన ఊరి కోర్టు వాయిదాకు హాజరయ్యాను. నాకు వకీలు లేడు కదా అని వాళ్ల వకీలు ఎంత ధైర్యంగా అబద్ధమాడాడో!

"ప్రశ్నలే అందలేదు సార్."

నేనైతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టి ఊరుకునేవాణ్ని. "గొంతు కాదురా, కాగితం పంపు. రిజిస్టర్ పోస్టు చేపియ్యి, రసీదు పైలంగ దాస్కో" అని తిట్టింది నువ్వే. మా మామ సంతకంతో తిరిగొచ్చిన ఆ రసీదును తమ్ముడు సెలవుకెళ్లొచ్చిన మనిషితో పంపాడు. ఇకామా గుర్తింపు కార్డు వెనక నుంచి తీసి కెమెరాకు చూపించాను. వకీలు వెంటనే మాట మార్చి గడువడిగాడు.

పదిహేను రోజుల్లో జవాబివ్వాలని జడ్జిగారు ఆర్డరేశారు. మొదటి ప్రశ్న పైకే చదివారు: "పాప ఏ తరగతి చదువుతోంది?"

బస్సులో అందరూ నావైపు చూశారు. ఒళ్లు మండిపోతోందన్నా. కన్నతండ్రిని నేను. ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు జడ్జి సంతకం కావాలట.