నా ప్రార్థన కింద వల కట్టించండి

భవన కార్మికుల భద్రతాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: పద్దెనిమిది అంతస్తుల భవనపు రక్షణ బాధ్యత నుంచి నన్ను తప్పించి, వల కట్టించుట గురించి.

నేను సదరు భవనము వద్ద ఊడ్చే పని చేస్తాను. నా భర్త తాపీమేస్త్రి. పరంజా మీద నిలబడి బయటి గోడకు సిమెంటు పూస్తారు. మా ఇబ్బందులు:

1. పని మొదలయ్యే ముందు పరంజా కింద ప్రార్థన చేసుకొనుట నా అలవాటు. ఇంతవరకు ఎవరూ పడలేదు. అది దేవుని దయ. సూపర్‌వైజరుగారు మాత్రం దానిని కంపెనీ ఏర్పాటు అనుకున్నారు.

2. పడేవారిని పట్టే వలను విప్పి ఇంకో సైటుకు పంపినారు. ఇదేమిటని అడిగితే, "మాకు నువ్వున్నావుగా పిన్నీ! పాపం, అక్కడ ప్రార్థన చేసేవాళ్ళెవరూ లేరు" అన్నారు.

3. నడుము బెల్టులు మాసిపోతాయని స్టోరులో పెట్టి తాళం వేసినారు. తమరు వచ్చిన రోజున అందరికీ పెళ్ళికొడుకుల్లా తొడిగి, తమ జీపు మలుపు తిరగకముందే విప్పించినారు.

4. నాకు జ్వరం వచ్చిన రోజున బయటి గోడ పని ఆపివేసి, సూపర్‌వైజరుగారు మాత్రలు పట్టుకొని మా ఇంటికి వచ్చినారు. "నీకు జ్వరం వస్తే బిల్డింగే ఆగిపోయిందే! ఇంజనీరుకైనా ఇంత విలువ లేదు" అని నా భర్త నవ్వినారు.

5. నిన్న నా భర్త చెప్పు పైనుంచి జారి నా చీపురు పక్కన పడినది. ఆయన ఒంటి చెప్పుతో దిగి వచ్చేవరకు నాకు దేవుని పేరు కూడా గుర్తు రాలేదు. అయ్యా, అవసరమైనప్పుడే మరిచిపోయే మనిషిని వలకు బదులు పెట్టుట ఏమి న్యాయం?

దేవుడు కాపాడతాడు, సందేహం లేదు. ఆయనకు సాయంగా ఒక తాడు కూడా ఉంటే ఆయన ఏమీ అనుకోడు.

కావున వల, బెల్టులు తక్షణమే ఇప్పించగలరని మనవి. చిత్తగించవలెను. చిత్తగించేలోపు ఎవరూ పడకుందురుగాక.

తమ విధేయురాలు,
బయటి గోడ మేస్త్రి భార్య

తా.క.: ఈ ఉదయం నుంచి సైటులో ప్రార్థన మానివేసినాను. బయటి గోడ పని ఆగినది. నా భర్త కింద కూర్చొని టీ తాగుతున్నారు. సూపర్‌వైజరుగారు నా చీపురు వెంటే తిరుగుతూ, "ఒక్క ముక్క పిన్నీ! పోనీ, పెదవులైనా కదుపు" అని బతిమాలుతున్నారు. నేను కదపలేదు. మనసులో మాత్రం ఆపలేకపోతున్నాను. వల కట్టేవరకు ఈ సంగతి తమ కడుపులోనే పెట్టుకోవలెను.