ఇంటికొచ్చేసిన గొప్పవాడు

2006 ఆగస్టు, శుక్రవారం రాత్రి
అనకాపల్లి

అన్నయ్య సర్పంచి ఎన్నికల్లో మళ్ళీ ఓడిపోయాడు. స్కూలు వదలగానే షేర్ ఆటోలో కశింకోట, వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. సోషల్ టీచర్ని, పాఠం చెప్పడం తప్ప ఓదార్చడం నాకు రాదు. ఎన్నికల్లో ఓడుతూ ఓడుతూ చివరికి అమెరికా అధ్యక్షుడైన పెద్దమనిషి కథ చెప్పాను. సాలెపురుగుని చూసి మళ్ళీ యుద్ధానికి వెళ్ళిన రాజు కథ కూడా చెప్పాను.

అన్నయ్య తలెత్తాడు. "అయితే మళ్ళీ నిలబడతాను సెల్లీ. ఆళ్ళు మానేసేరేటి?"

నేను చెప్పింది అందుకు కాదే! బాధ మర్చిపోయి చెరుకు చూసుకుంటాడని. బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఊరంతా ఆయన్నే అడుగుతారు. క్షణం ఆలస్యమైతే మాడిపోతుందని చెప్పే మనిషికి ఎన్నికలు ఎప్పుడు మానుకోవాలో తెలియదా? లేక ఇంకా పాకం రాలేదని నిజంగానే తెలుసా?

ఆటో ఎక్కుతుంటే వదిన చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, ఓడిపోయేక ఇంక సాలనుకుని ఇంటికొచ్చీసిన గొప్పోడు ఒక్కడైనా లేడేటి మీ పుస్తకాల్లో? ఉంటే ఆ కథ కూడా మీ అన్నకి సెప్పు."

వచ్చినప్పటి నుంచీ పుస్తకాలు తిరగేస్తున్నాను. అందరూ గెలిచినవాళ్ళే, లేకపోతే పోరాడి చచ్చిపోయినవాళ్ళు. ఇంటికొచ్చేసినవాడు ఒక్కడూ దొరకలేదు.

ఆదివారం చర్చిలో వదిన అడుగుతుంది. ఎవరో ఒక రాజుని కల్పించి చెప్పేయనా?