ఫైళ్ళకి నీడ, బాలింతలకి ఎండ

నాగపూర్,
1984 జూన్, ఆదివారం.

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు మార్తమ్మ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ, అమ్మా అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చిన్నదానికి పోసిన ఆటలమ్మ పూర్తిగా తగ్గిందా? వదిన దగ్గు సంగతి నువ్వు రాయలేదు. జగ్గయ్యపేట తీసుకెళ్ళి డాక్టరుకి చూపించమన్నాను, చూపించావా లేదా? మళ్ళీ చెప్తున్నాను, నేను బాగానే ఉన్నాను. నా గురించి అమ్మని బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాద్దామని రెండు సార్లు కూర్చున్నాను. రెండు సార్లూ కోపంతో అక్షరాలు కుదరక కాగితం చింపేశాను. నీ మీద కోపం కాదు. కాస్త నీ మీద కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

ఇక్కడ తిండి అలవాటవుతోంది. మెస్సులో రెండు పూటలా చపాతీ, పల్చటి పప్పు. పప్పులో బెల్లం వేస్తారంటే అమ్మ నమ్మదు. ఎండ సంగతి అడిగావు. మన వత్సవాయిలో ఎండలు చూసినదాన్నే గానీ ఇది వేరు. పదకొండింటికల్లా రోడ్డు మీద మనిషి కనిపించడు. ఊరి చివర కరెంటు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, బొగ్గుతో నడుస్తుంది. హాస్టలు మేడ మీద ఆరేసిన తెల్ల యూనిఫారం సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతుంది. విదిలిస్తే నల్లటి పొడి రాలుతుంది.

మధిర స్టేషన్‌లో రైలెక్కిస్తూ నువ్వు, "పెద్ద ఊరమ్మా, పెద్ద ఆస్పత్రి, బిల్డింగే నాలుగంతస్తులంట. అదృష్టం నీది" అన్నావు. ఆ బిల్డింగు సంగతే రాస్తున్నాను. మేస్త్రివి కాబట్టి నీకు అర్థమవుతుంది.

ఇక్కడ రెండు బిల్డింగులున్నాయి. ఒకటి పాతది, తెల్లదొరల కాలం నాటిది. మూరెడు మందం రాతి గోడలు, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా. రెండోది రెండేళ్ళ కిందట కట్టిన నాలుగంతస్తులది. దానికి పడమటి వైపు గోడే లేదు అన్నయ్యా. కింద నుంచి పైదాకా అద్దాలు. తెరుచుకునే అద్దాలు కూడా కాదు, బిగించేసినవి. పైన చూరు లేదు, సన్‌షేడ్ లేదు. డాబా మీద నల్లటి తారు పూశారు. నేను పనిచేసే బాలింతల వార్డు ఆ తారు కిందే, నాలుగో అంతస్తులో, ఆ అద్దాల వెనకాలే.

మరి పాత బిల్డింగులో ఎవరున్నారనుకుంటున్నావు? ఫైళ్ళు. పెద్ద హాలు నిండా పాత రిజిస్టర్లు, విరిగిన కుర్చీలు. తలుపుకి తాళం.

లోపల వేడి ఉండకూడదని ఏసీ ప్లాంటు పెట్టారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మిషన్లు రొద పెడుతూనే ఉంటాయి. ఆస్పత్రి మేనేజరు గారి అంతస్తుకి చల్లగాలి బాగానే వెళ్తుంది, పైకొచ్చేసరికి మనిషి ఊపిరంత వస్తుంది. ఆ మిషన్లు చూసుకునే ఆయన సాంబయ్య గారు, మధిర పక్క పల్లెటూరాయన. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని మొదటి రోజే వెళ్ళి పలకరించాను. ఆయన్నే అడిగాను, "మిషన్లు చెడిపోయాయా బాబాయ్?" అని.

"మిషన్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. బిల్డింగే చెడిపోయి పుట్టింది. పొద్దంతా ఆ అద్దాలు ఎండని లోపలికి పిలుస్తయి, నేను పొద్దంతా కరెంటు పెట్టి దాన్ని బయటికి గెంటుతుంటా. ఇది దవాఖాన గాదు, రొట్టెల పొయ్యి. ఈ ఊళ్ళో ఇప్పుడు లేస్తున్న బిల్డింగులన్నీ ఇట్లాంటియ్యే. అందరికీ కరెంటు యాడ నుంచి తెస్తరు?"

తేలేకపోతున్నారు కాబట్టే రోజూ మధ్యాహ్నం కోత. కోత పడగానే జనరేటరు మోగుతుంది. అది ఆపరేషన్ థియేటరుకీ మేనేజరు గారి అంతస్తుకీ మాత్రమే. దాని పొగ పిల్లల వార్డు కిటికీల్లోకి పోతుంది. ఒకసారి ఆలోచించు అన్నయ్యా. గోడ ఉండాల్సిన చోట గోడ లేనందుకు అక్కడ బొగ్గు కాలుస్తున్నారు. బొగ్గు చాలక ఇక్కడ డీజిలు కాలుస్తున్నారు. ఆ రెండు పొగలూ తాగేది ఎవరు? మిల్లు కూలీల పిల్లలు, గుడిసెల్లోంచి కాన్పుకొచ్చిన ఆడవాళ్ళు. అద్దాలు బాగున్నాయని బయట నిలబడి ఫొటోలు తీయించుకున్నవాళ్ళు ఎవరూ మా వార్డులో మధ్యాహ్నం రెండింటికి ఒక గంట కూర్చోలేదు.

మే నెలలో ఒక బిడ్డ పోయింది. మూడు రోజుల ఆడపిల్ల. పుట్టినప్పుడు ఏ లోపమూ లేదు. మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోయింది, సాయంత్రానికి పోయింది. కాగితం మీద కారణం "జ్వరం" అని రాయమన్నారు. రాశాను. నా చేత్తో నేనే రాశాను. ఆ పసిదాని ఒళ్ళు కాలడానికి కారణం జ్వరం కాదని తెలిసీ రాశాను. ఆ రాత నన్ను అన్నం తిననివ్వలేదు.

మర్నాడు మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, ఎండలు తగ్గేదాకా పాత హాలు మాకిమ్మని అడిగాను. "అందులో రికార్డులున్నాయి సిస్టర్. రికార్డులు పాడైతే బాధ్యత ఎవరిది?" అన్నారు. ఆయన గదిలో చలికి నా చేతుల మీద రోమాలు లేచాయి. ఆయన కోటు వేసుకుని కూర్చున్నారు. నాగపూర్లో, మే నెలలో, కోటు!

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మామూలుగానే కరెంటు పోయింది. వార్డులో ఇరవై రెండు మంచాలు. ఫ్యాన్లు ఆగాయి. గోడకున్న థర్మామీటర్లో నూట తొమ్మిది. శకుంతల అని మిల్లు కూలీ భార్య, రెండో కాన్పు, నన్ను కేకేసింది. వెళ్ళి చూస్తే బిడ్డ పాలు పట్టడం లేదు. పెదాలు ఎండిపోయాయి, మాడు గుంట పడింది. ఒళ్ళు ముట్టుకుంటే నిప్పు. ముందు పోయిన పిల్ల కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది.

శకుంతల నా కొంగు పట్టుకుంది. హిందీలో ఒక్క మాట అడిగింది. "దీదీ, ఇక్కడ కాకుండా ఇంకెక్కడైనా చోటు లేదా?"

ఉంది. కిందికి దిగితే ఇరవై అడుగుల దూరంలో ఉంది, తాళం వేసి ఉంది.

ఆక్సిజన్ సిలిండరు తిప్పే ఇనప స్పానరు పట్టుకుని కిందికి దిగాను. ఒంట్లో భయం లేదు అన్నయ్యా, కోపమే ఉంది. సాంబయ్య గారు ఎదురొచ్చి, "యాడికి బిడ్డా?" అన్నారు. "హాలు తాళం పగలగొడతా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, స్పానరు నా చేతిలోంచి తీసుకున్నారు. ఆపుతారనుకున్నాను. "నీ చేతికి కాదు. నేను కొడతా, నువ్వు పోయి ఆ తల్లుల్ని దింపు" అన్నారు.

"వద్దు బాబాయ్. మీకు ముగ్గురు పిల్లలు. దెబ్బ నాదే కావాలి" అని మళ్ళీ లాక్కున్నాను. నాలుగు దెబ్బలకి తాళం ఊడింది.

తలుపు తియ్యగానే లోపలి నుంచి వచ్చిన చల్లదనానికి నాకు ఏడుపొచ్చింది. ఏ మిషనూ లేదు, ఏ కరెంటూ లేదు. రాయి, ఎత్తు, నీడ, ఎదురెదురు కిటికీలు. అంతే. ఇన్నాళ్ళూ అది కాగితాలకి పెట్టారు.

ఆయాలు, వార్డు బాయిలు, బాలింతల మొగుళ్ళు, అందరూ చెయ్యి వేశారు. ఫైళ్ళు ఎత్తి వరండా అవతల ఎండలో పడేశాం. తల్లుల్ని స్ట్రెచర్ల మీద దింపాం. శకుంతల బిడ్డకి తడిగుడ్డ వేసి, చెంచాతో గ్లూకోజు నీళ్ళు పట్టాను. మా వార్డు డాక్టరమ్మ పరుగున వచ్చి సెలైను పెట్టింది. సాయంత్రం అయిదింటికి ఆ పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని శకుంతలా నేనూ ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఏడ్చాం.

మేనేజరు గారు దిగొచ్చి ముందు చూసింది ఫైళ్ళని. బిడ్డ ఎలా ఉందని అడగలేదు.

"మీరు చేసిన పని ఏమిటో మీకు తెలుసా సిస్టర్?"

"తెలుసండి. మే నెలలో చెయ్యాల్సింది. ఆలస్యం చేశా" అన్నాను. తెలుగులోనే వచ్చేసింది నోట. సాంబయ్య గారు హిందీలోకి మార్చి చెప్పారు, ఒక్క మాట కూడా తగ్గించలేదు.

మెమో ఇచ్చారు. క్షమాపణ రాస్తే వదిలేస్తామన్నారు. నేను రాయలేదు. "పిల్లలకి ఒళ్ళు కాలుతుంటే తాళం పగలగొట్టాను. ఇంతకుముందు పోయిన బిడ్డ కాగితంలో కారణం తప్పు రాశాను, అందుకు మాత్రం క్షమించండి" అని రాసిచ్చాను. డాక్టరమ్మ దాని కింద తనూ సంతకం పెట్టింది. ఆవిడ పెట్టకపోతే నా ఉద్యోగం ఆ రోజే పోయేది. బాలింతల్ని మళ్ళీ పైకి పంపితే కాన్పులు చెయ్యనని కూడా ఆవిడ తెగేసి చెప్పింది. దాంతో ఎండలు తగ్గేదాకా హాలు మాకు వదిలారు. నన్ను మాత్రం వార్డులోంచి తీసేసి, బయటి రోగులకి చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళు నర్సుగా చేసినదాన్ని, పేరూ వయసూ రాసుకుంటున్నాను.

అయినా ఊరుకోలేదు. పై అంతస్తుల్లో మిగతా వార్డులు అలాగే ఉన్నాయి కదా. మన ప్రార్థన మందిరం డాబాకి నువ్వు సున్నం వేసిన పద్ధతి గుర్తుంది. పోయిన ఆదివారం సెలవున్న నర్సులం ఏడుగురం, సాంబయ్య గారూ కలిసి, సున్నం నానబెట్టి, వడగట్టి, బంక కలిపి ఆ నల్ల డాబా మీద రెండు పూతలు వేశాం. పడమటి అద్దాలకి బయట నుంచి వెదురు తడకలు కట్టించాం. మూడో రోజు సాంబయ్య గారు నా బల్ల దగ్గరికొచ్చి, "రెండు మిషన్లల్ల ఒకటి బంద్ పెట్టిన. ఎవ్వరికీ తెల్వలే" అన్నారు. ఆ మాటకి సంతోషించాలా, రెండేళ్ళు ఉత్త పుణ్యానికి తగలేసిన కరెంటు తలుచుకుని మండిపడాలా? నేను మండిపడ్డాను. వానలొస్తే ఆ సున్నం కొట్టుకుపోతుంది. పోతే మళ్ళీ వేస్తాం.

ఇప్పుడు నీ ఉత్తరం. నందిగామలో ఆడపిల్లల హాస్టలు కడుతున్నామనీ, కంట్రాక్టరు సన్‌షేడ్లు తీసేసి పడమటి వైపు పెద్ద అద్దాలు పెట్టిస్తున్నాడనీ, "అచ్చం సిటీలో లాగ ఉంటదమ్మా" అనీ రాశావు. అది చదివే మొదటి కాగితం చింపాను. నువ్వు రాసింది గొప్పకే అని నాకు తెలుసు. కానీ ఆ గదుల్లో ఉండబోయేది మన వత్సవాయి, పెనుగంచిప్రోలు పిల్లలు. ఫ్యాన్లు పెడతారు, ఫ్యాన్లు చాలవు, కరెంటు ఉండదు. ఇది అందగానే కంట్రాక్టరు దగ్గరికెళ్ళి నా చెల్లెలు ఇలా రాసిందని ఈ ఉత్తరం చూపించు. సన్‌షేడ్ రెండడుగులు బయటికి పొయ్యమను. ఎదురెదురు కిటికీలు, తెరుచుకునేవి, పెట్టమను. వినకపోతే ఆ గోడ నువ్వు కట్టకు. ఇల్లు గడిచేది ఆ పని మీదేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

ఉత్తరం ఇక్కడ ఆపి నిన్న పడుకున్నాను. ఈరోజు సోమవారం, ఒక సంగతి జరిగింది. నా బల్ల ముందు చీటీల వరసలో ఒకాయన నిలబడ్డాడు. పేరు అడిగాను. రోగి కాదట, ఈ బిల్డింగు గీసిన ఇంజనీరు. చంకలో చుట్టిన పెద్ద కాగితం. పక్కన ఇంకో నాలుగంతస్తులు కడతారట, దాని ప్లాను. డాక్టరమ్మ నన్ను అడగమని పంపిందట. వరసలో అరగంట నిలబడ్డానని చెప్పాడు. నిలబడనీ.

"కిటికీలు ఎక్కడ ఉంటే బాగుంటుందో చెప్తారా సిస్టర్?" అన్నాడు, తల దించుకుని.

తిట్టాలని నోటిదాకా వచ్చింది. కొంత తిట్టాను కూడా. బాలింతల గదిలో మధ్యాహ్నం ఎప్పుడైనా కూర్చున్నారా అని అడిగితే లేదన్నాడు. కాగితం బల్ల మీద పరిచాను. పడమర ఎటో అడిగి తెలుసుకున్నాను. మళ్ళీ అదే అద్దాల గోడ. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి నాకిచ్చాడు.

"పెన్సిలు వద్దండి. పెన్ను ఇవ్వండి" అన్నాను. ఇచ్చాడు. ఆ అద్దాల గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా గీత కొట్టాను.

బల్ల అవతల జనం వరసలో ఉన్నారు, ఇక ఉంటాను. అమ్మకి ముద్దులు, పిల్లలకి దీవెనలు, వదినకి వందనాలు. పాస్టరు గారికీ, పక్కింటి రాహేలు పిన్నికీ నేను అడిగానని చెప్పు. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పండుమిరపకాయ పచ్చడీ కాసింత ఎండు గోంగూరా పంపు. కంట్రాక్టరు ఏమన్నాడో వెంటనే రాయి. ఆదివారం ప్రార్థనలో నా పేరు చెప్పండి. కోపం తగ్గాలని మాత్రం ప్రార్థన చెయ్యొద్దు.

నీ చెల్లెలు,
మార్తమ్మ