మార్తమ్మగారు

ఆదివారం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. అమ్మమ్మతో పదో తరగతి చదివినవాళ్లంతా ఇవాళ రావులపాలెంలో కలిశారు. తోడుగా నేనూ వెళ్లాను. మైకు పట్టుకున్న ప్రభాకరంగారిదీ వాళ్ల క్లాసే. "సుబ్బలక్ష్మిగారండీ, రండి! సత్యనారాయణగారండీ, రండి!" అని ఒక్కొక్కరినీ స్టేజీ మీదికి పిలిచారు. అమ్మమ్మ వంతు వచ్చేసరికి, "ఏమే మార్తమ్మా, నువ్వూ రావే!" అన్నారు. అందరూ నవ్వేరు. గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైన మనిషికి ఒక్క 'గారు' పెడితే నోరు అరిగిపోతుందా?

ఆటోలో అమ్మమ్మ అంది: "బళ్లోనూ అంతేరా. మిగతా ఆడపిల్లలు అమ్మాయిగార్లు, నేను ఒసేయ్. వాళ్లావిడకి పురుడు కష్టమైన రోజు మాత్రం 'మార్తమ్మగారండీ, మీరే దిక్కండీ' అన్నాడు. ఆ ఒక్కరోజే."

ఇంటికొచ్చాక ఫోన్ నాకిచ్చి వాళ్ల క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టమంది: "ప్రభాకరంగారండీ, భోజనాలు బాగున్నాయండీ. ఉంటానండీ."

అంత జరిగాక కూడా అన్ని అండీలు!

నేను ఎనిమిదితో బడి మానేసినవాణ్ణి. ఏం రాసినా తప్పులే. ఇవాళ మాత్రం తెలిసే రాశాను.

"ప్రభాకరం, భోజనాలు బాగున్నాయి. ఉంటాను. ఇట్లు, మార్తమ్మగారు."

గ్రూపులో అందరూ చూసేశారు. ప్రభాకరం ఏదో టైప్ చేస్తున్నాడు, ఆపుతున్నాడు, మళ్లీ చేస్తున్నాడు.

"నే చెప్పినట్టే పంపేవా నాన్నా?" అని అమ్మమ్మ లోపల్నుంచి అడిగింది.

"ఆయ్" అన్నాను.