ముక్కు ముందర ఆగిన పిడికిలి

శైలజమ్మకు, మీ మామ రాసేది. మొత్తం చదివాకే తిట్టు.

సోమవారం పెనుకొండ స్టేషన్ దారిలో కంబళి ముసుగేసుకుని నీ భుజం పట్టుకున్నది దొంగ కాదు, నేనే. నీ కరాటేను చేతులూపే డాన్సని ఎక్కిరించేవాణ్ణి కదా, నా కుస్తీ ముందు అది నిలుస్తుందో లేదో చూద్దామని ఆ కోతిపని చేశాను. నువ్వు గిర్రున తిరిగి విసిరిన గుద్దు నా ముక్కుకు వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆ సందులో నీ మెడ పట్టేశాను. నువ్వు పెట్టిన కేకకు నేనే పారిపోయాను.

"కరాటే యాడా పనికిరాదు మామా, ధర్మవరం పోటీకి నేను పోను" అని నిన్న నువ్వు ఏడుస్తుంటే, వాగుడుకాయనైన నేను నిజం దాచి ఇంటికొచ్చేశాను.

తప్పు కరాటేది కాదమ్మా. ముఖానికి తగలకుండా ఆపితేనే పాయింటని మూడేళ్లుగా నీ చేతికి నేర్పారు. అది దారిలోనూ ఆగింది. ఆదివారం పోటీకి పో, అక్కడ ఆపు. దారిలో ఎవడు చెయ్యేసినా ఆపొద్దు, మామైనా సరే.

మీ నాయన కట్టె పట్టుకుని ఆ దొంగ కోసం వెతుకుతున్నాడట. ఇంకెవరినైనా కొట్టకముందే ఈ ఉత్తరం చూపించు. హిందూపురంలో ఇంట్లోనే ఉంటాను. తలుపు గడియ పెట్టను.