రంగు కింద నూనె బొక్కలు

ఖాసిం అన్నా,

నువ్వు పోయాక మన ఆదోని పత్తిమిల్లులో ఇదే మొదటి ఆయుధపూజ. తెల్లదొరల కాలంనాటి నీ ఆయిల్ ఇంజనుకు ఈసారి మేమే పచ్చరంగు పూశాం. ఏటా నువ్వు వేపపుల్లలు పెట్టేవాడివని, రంగు ఆరాక పూలతోపాటు అవీ దాని నెత్తిన పెట్టాం.

నిన్న ఇంజను కాసేపు తిరిగి బిగుసుకుపోయింది. నూనె పోసే బొక్కలన్నీ రంగుతో పూడిపోయాయి! పొద్దంతా తీగతో గీకుతుంటే తెలిసింది, ఒక్కో బొక్క సరిగ్గా వేపపుల్లంత ఉంది. రంగు లోపలికి పోకుండా ముందే పుల్లలు దోపేవాడివన్నమాట. ఐదుపూటలా నమాజు చేసేవాడివి, మా పూజకు పుల్లలెందుకో ఒక్కరమూ అడగలేదు. అడక్కపోతే మాత్రం, ఒక్క మాట చెప్పి పోతే నీ సొమ్మేం పోయేది?

సాయంత్రానికి ఇంజను తిరిగింది. సంగతి చెప్పబోతే సేటు కసిరాడు.

"నువ్వూరుకోప్పా! ఖాసిం ముందు బొక్కల్లో పుల్లలు పెట్టి, ఆమీదట రంగు పూస్తాండె. మీరు ఎనక పెట్టినారు. అమ్మవారికి కోపం రాదా? వచ్చే ఏడు ఆయప్ప పెట్టినట్టే పెట్టండి!"

ఎంత చెప్పినా అదే పాట. పుల్లలు ముందే పెట్టిస్తాడు కదా, చాల్లే అని చివరికి నోరు మూసుకున్నాను.

నువ్వూ ఇందుకే మూసుకున్నావా అన్నా?