దూలానికి తగిలితే

అన్నయ్యా,

ఫోన్ ఎత్తలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఎత్తితే ఏడుపు వినిపిస్తుందని ఎత్తలేదు. ఓడిపోయాను.

ఇక్కడి కోర్టు మన షెడ్డులా లేదు. కడ్డీలకి వేలాడే లైట్లు కళ్ళలోకి కొడుతున్నాయి. ఏసీ గాలికి షటిల్ పక్కకి కొట్టుకుపోతోంది. ఒళ్ళు మండిపోయింది. కోపమొస్తే షూ లేసు విప్పి కట్టుకోమన్నావుగా, కట్టుకున్నాను. కావాలనే ఆలస్యం చేస్తున్నానని అంపైర్ కసిరాడు. అయినా ఎలాగో గాలి వాటం పట్టుకుని ఆఖరి పాయింటు దాకా లాక్కొచ్చాను.

అప్పుడే నేను లేపిన షటిల్ లైటుకి తగిలింది. మన షెడ్డులో దూలానికి తగిలితే "మళ్ళీ" అనుకుని ఆ పాయింటు తిరిగి ఆడతాం కదా! అలవాటు కొద్దీ "మళ్ళీ!" అని అరిచి సర్వీసుకి నిలబడ్డాను. అవతలమ్మాయి అప్పటికే చెయ్యి కలపడానికి నెట్ దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ పైన తగిలితే పాయింటు పోయినట్టేనట. హాలంతా నవ్వింది. నువ్విచ్చిన రాకెట్ నేలకేసి కొట్టాను. విరిగిపోయింది.

వచ్చే ఏడుకి నాకు జూనియర్స్ వయసు దాటిపోతుంది. నీకు తెలియనిదేం కాదు.

ఆదివారం బస్సు దిగుతాను. రాకెట్ గురించి ఎంత తిట్టినా పడతాను. "మళ్ళీ ఆడదాంలే" అని మాత్రం అనకు.

నీ పొట్టిది